గేర్‌బాక్స్ వేడి కూడా కనపడాలి కదా

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

మీ పేపర్లో బండ్ల పేజీ వదలకుండా చదువుతా, ఇంజిన్ వేడి గురించి ఎన్నిసార్లైనా రాస్తారు గానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేడి గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. ఘాట్ రోడ్డు ఎక్కుతున్నా, ట్రాఫిక్‌లో నత్తనడకన పోతున్నా, వెనక ట్రైలర్ లాగుతున్నా టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) లాక్ అవ్వక స్లిప్ అవుతూ ఆయిల్‌ని వేడెక్కించేస్తది, మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్‌లో ఉండాల్సింది 120 దాటి అలాగే ఉందంటే ఆయిల్ పాడవుతుంది, సీళ్లు గట్టిపడతాయి, చివరికి క్లచ్ ప్లేట్లకి మూడుతుంది.

ఈ వేడి చూపించే గేజ్ పెట్టించుకుంటే మంచిదే, కాకపోతే సెన్సర్ ఎక్కడ పెట్టారన్నదే అసలు సంగతి. పాన్‌లో (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో) పెడితే గేర్‌బాక్స్ లోపలికి పోయే ఆయిల్ వేడి తెలుస్తుంది, కన్వర్టర్ నుంచి ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌కి పోయే పైపులో పెడితే ముల్లు టక్కున పైకి లేస్తుంది (చూసి కంగారు పడకండి), కూలర్ నుంచి తిరిగొచ్చే పైపులో పెడితే మాత్రం అంతా చల్లగా ఉన్నట్టే కనపడుతుంది. ఇంకోటి, ఒకే వైరున్న సెన్సర్‌కి ఎర్త్ దాని బాడీ నుంచే అందుతుంది, మరలకి టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టేశారనుకోండి రీడింగ్ తప్పొస్తుంది, పాపం అందరూ గేజ్‌నే తిడతారు.

చాలా కొత్త బండ్లలో ఈ వేడి కంప్యూటర్‌కి ముందే తెలుసు, సరైన ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్‌లోని వివరాలు చదివే పరికరం) తగిలిస్తే కనపడుతుంది కూడా, మరి డాష్‌బోర్డు మీద చూపించడానికి కంపెనీలకి ఏం అడ్డమో! దీని మీద ఒక వారం వివరంగా రాయించండి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు