ఖాళీ కుర్చీకి డబ్బు ఎందుకంటే

సంపాదకులకు నమస్కారం.

పెద్దవాళ్లను పగలు చూసుకునే డే కేర్‌లో అమ్మానాన్నలను పొద్దున దించి, సాయంత్రం మళ్లీ ఇంటికి తెచ్చుకునే ఏర్పాటు శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఊళ్లకు ఇంకా కొత్తే. పిల్లలు వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండి, ఇక్కడ కోడలో కూతురో ఒక్కతే చూసుకునే ఇళ్లలో దీని అవసరం తెలుస్తుంది. కానీ డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాట తెగిపోతోంది. “నెలలో పది రోజులు మా అమ్మ రానేలేదు, నెలంతా కట్టమంటారేంటి?” అన్నది అన్నిచోట్లా వినిపించే తగువు. జవాబు లెక్కలోనే ఉంది. ఆ లెక్క కేంద్రాలు విప్పి చెప్పవు, ఇళ్లవాళ్లూ కూర్చుని అడగరు.

పదిహేను మంది పెద్దవాళ్లున్న కేంద్రం అనుకుందాం. ముగ్గురు ఆయాలకు తలా 12 వేల చొప్పున 36 వేలు. నర్సుకు 15 వేలు, వంటమనిషికి 10 వేలు, ఇంటద్దె 12 వేలు. కరెంటు, ఫినాయిలు, గ్లౌజులు, దుప్పట్ల ఉతుకు అన్నీ కలిపి 8 వేలు. నెలవారీ మాట్లాడుకున్న ఆటోకి 18 వేలు. ఇక్కడికి 99 వేలు అయింది. ఎవరు వచ్చినా రాకపోయినా ఇందులో రూపాయి తగ్గదు. పొద్దున చోడంబలి (రాగి అంబలి), మధ్యాహ్నం అన్నం, సాయంత్రం టీ బిస్కెట్లకు మనిషికి రోజుకు 60 రూపాయలు వేసుకుంటే 26 రోజులకు 23,400. మొత్తం 1,22,400, అంటే మనిషికి 8,160. ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలు. జీతాలు, అద్దెలు ఊరిని బట్టి మారతాయి గానీ లెక్క తీరు ఇదే.

ఇప్పుడు ఐదుగురు మానేశారనుకోండి. తగ్గేది వాళ్ల తిండి ఖర్చు 7,800 మాత్రమే. మిగిలిన పదిమంది మీదా తలా 11,460 పడుతుంది. అంత ఎవరూ కట్టరు కాబట్టి కేంద్రం చేసే మొదటి పని ఒక ఆయాను మానిపించడం. దాని ఫలితం బాత్రూం దగ్గర కనిపిస్తుంది. పక్షవాతం వచ్చిన మనిషిని కుర్చీలోంచి లేపాలంటే ఇద్దరు కావాలి. ఇద్దరూ ఒకరి దగ్గర ఉంటే మిగతావాళ్లు ఆగాలి. ఆపుకోలేమన్న భయంతో పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మొదలవుతాయి. కొందరు ఎవరినీ పిలవకుండా లేచి, తడి నేల మీద పడతారు. తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చుతో పోలిస్తే నెల రుసుము ఏపాటి?

అందుకని రోజు లెక్క అడగకండి, గుడ్డిగా నెల లెక్కా కట్టకండి. రెండు ముక్కలు చేయించుకోండి: కుర్చీకి, అంటే ఆ 99 వేలలో మనిషి వాటా, నెలకు 6,600; వచ్చిన రోజుకు తిండి 60. ఇరవై రోజులు వస్తే 7,800 అవుతుంది. వరసగా పదిహేను రోజులకు మించి ఆసుపత్రిలో ఉంటే కుర్చీ డబ్బులో సగమే అని ముందే కాగితం మీద రాయించుకోవాలి. అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో, డైపర్లు ఎవరివో, సాయంత్రం ఆలస్యంగా వస్తే గంటకు ఎంతో కూడా అందులోనే ఉండాలి. మొదటి వారం పరీక్షగా పంపి, ఆ తర్వాతే నెల డబ్బు కట్టడం మేలు.

ఆటో గురించి ఇంకో మాట. నలుగురి చొప్పున పదిహేను మందిని తేవాలంటే నాలుగు ట్రిప్పులు. మొదటి ట్రిప్పులో ఎవరున్నారో అడగండి. ఎనిమిదింటికే వచ్చినవాళ్లకు పదింటిదాకా అంబలి పోయకపోతే షుగరు ఉన్నవాళ్లు కళ్లు తిరిగి పడిపోవచ్చు. మాత్రలు పొట్లం కట్టి పంపకండి, స్ట్రిప్పుతోనే పంపండి, లేకపోతే నర్సుకు పేరూ తెలియదు, గడువూ తెలియదు. ఆటో మెట్టు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పెట్టాలి, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు. డ్రైవరుకు ఇది నేర్పని కేంద్రం ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

ఇక డబ్బు ఎక్కణ్నుంచి? రాష్ట్ర ప్రభుత్వం ఎన్టీఆర్ భరోసా కింద ఇచ్చే వృద్ధాప్య పింఛను నెలకు 4 వేలు. పై లెక్కలో అది సగానికి కూడా కాస్త తక్కువే. ఒకటో తారీఖున ఆ పింఛను ఇవ్వడానికి గ్రామ, వార్డు సచివాలయం వాళ్లు ఇంటికి వచ్చేసరికి పెద్దాయన డే కేర్‌లో ఉంటే చిక్కు, ఆ పూట ఇంట్లోనే ఉంచండి. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 5 లక్షలు వాళ్ల పేరున ఉంటే 8.2 శాతం వడ్డీ మీద మూడు నెలలకు 10,250 వస్తుంది, అంటే నెలకు 3,400 పైచిలుకు. పింఛనూ ఇదీ కలిస్తే మిగిలేది పిల్లలు పంచుకోగలిగినంతే. ఆ పంపకంలోనూ ఒక అన్యాయం జరుగుతుంటుంది. రాత్రంతా లేచి చూసుకునే కోడలి ఇంటికీ, నెలకోసారి ఫోన్‌పే కొట్టే కొడుక్కీ సమాన వాటా ఎలా అవుతుంది? రాత్రుళ్లు చూసుకునేవాళ్ల వాటా తగ్గించి మిగతావాళ్లు కట్టుకోవడం ధర్మం.

ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోకండి. పాలసీ కాగితంలో “డే కేర్ చికిత్సలు” అని ఉంటే, అది కంటి శుక్లం ఆపరేషను, డయాలసిస్ లాంటి, 24 గంటలు ఆసుపత్రిలో ఉండక్కర్లేని చికిత్సల గురించి. పెద్దవాళ్లను పగలు చూసుకునే డే కేర్‌కి దానితో సంబంధం లేదు. డెబ్బై దాటినవాళ్లకు ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 5 లక్షలూ ఆసుపత్రి వైద్యానికే. ఆదాయపు పన్ను పాత విధానంలో కట్టేవాళ్లకు మాత్రం కాస్త వెసులుబాటుంది. మీ మీద ఆధారపడ్డ తల్లికో తండ్రికో 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉంటే 75 వేలు, 80 శాతం, ఆపైన ఉంటే లక్షా పాతిక వేలు ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. అది 80డీడీ అని పేరుపడిన మినహాయింపు. ఖర్చు ఎంతైనా మినహాయింపు అంతే. ఆరోగ్య బీమా లేని పెద్దవాళ్ల వైద్య ఖర్చుకు 50 వేల దాకా ఉన్న మినహాయింపు నగదు ఇస్తే వర్తించదు. కాబట్టి ఫిజియోథెరపీ, డాక్టరు ఫీజు డే కేర్ బిల్లులో కలిపేయకుండా విడిగా రసీదు తీసుకుని, బ్యాంకు ద్వారా కట్టండి.

పిల్లలు కలిగి ఉండి పైసా ఇవ్వకపోతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. ఆర్డీవో ట్రైబ్యునల్‌కి అర్జీ పెడితే నెలకు 10 వేల దాకా ఇప్పించవచ్చు, లాయరు అక్కర్లేదు. ఎలా పెట్టాలో పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 కి ఫోన్ చేస్తే చెబుతారు.

చివరగా ప్రభుత్వానికి ఒక విన్నపం. మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైన పక్షవాత రోగికి నెలకు 15 వేలు ఇస్తున్నారు, సంతోషం. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగిన మనిషికి 4 వేలు, వైకల్య ధ్రువపత్రం ఉంటే 6 వేలు. డే కేర్‌తో ఎక్కువ మేలు జరిగేది ఈ సగం నడిచే వాళ్లకే, ఇంకా మంచాన పడలేదు కాబట్టి. పింఛను పెంచడానికి టైము పడుతుందంటే, ముందు పగలు ఖాళీగా ఉండే కమ్యూనిటీ హాళ్లను వారానికి ఆరు రోజులు ఈ కేంద్రాలకు అద్దె లేకుండా ఇవ్వండి. పై లెక్కలో అద్దె ఒక్కటి పోతే మనిషికి 800 తగ్గుతుంది. లేదంటే ఆ 12 వేలతో నాలుగో ఆయా వస్తుంది.

— వృద్ధుల పగటి సంరక్షణ పనిలో ఉన్నవాళ్లం, శ్రీకాకుళం