మొక్కులన్నీ ప్యాకేజీ కోసమేనా?

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి ఇంటికి వచ్చిన మా అబ్బాయి, హైదరాబాదులో ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేస్తానని, ఉన్న రెండెకరాల కొబ్బరితోట చూసుకుంటూ మా గుడిలో అన్నదానం పని నెత్తిన వేసుకుంటానని చెప్పాడు. ఆ మాట పొక్కిన మర్నాటి నుంచి బంధువులు పరామర్శకు వచ్చినట్లు రావడం మొదలుపెట్టారు. ఒక పెద్దాయన మా అరుగు మీద కూర్చుని, చేతిలోని కాఫీ చల్లారిపోయేదాకా గుక్క తాగకుండా, చివరికి గొంతు తగ్గించి, "కుర్రాడి జాతకం ఎవరికైనా చూపించారా మాస్టారూ?" అని అడిగారు. అదే వీసా వచ్చిందని చెప్పి ఉంటే ఆయనకు జాతకం గుర్తుకు వచ్చేది కాదు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి విరమించిన నాకు కూడా, నిజం చెప్పాలంటే, మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మనలో భక్తి తగ్గిందని కొందరు బాధపడుతుంటారు కాని, నాకు అలా కనిపించదు. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి చూడండి. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరిన తరువాత 108 ప్రదక్షిణలు చేసేవారితో ఆ ప్రాంగణం కిటకిటలాడుతూ ఉంటుంది. హుండీ పెట్టని, డబ్బున్నవారికి వేరే వరుస లేని ఆ గుడిలోని స్వామికి మనం తగిలించిన పేరు మాత్రం వీసా బాలాజీ. కష్టంలో ఉన్నవాడు దేవుణ్ణి అడగడం తప్పని నేను అనను, నేనూ అడిగినవాణ్ణే. అయితే ఏ చదువు చదవాలో, ఏ ఊళ్లో ఉండాలో, ఎంత సంపాదిస్తే చాలో అన్నీ మనమే ముందుగా నిర్ణయించుకుని, ఆ నిర్ణయాలకు పూచీ పడవలసిందిగా కోరడానికి మాత్రమే దేవుడి దగ్గరకు వెళ్లడాన్ని భక్తి జీవితం అని పిలవడానికి నాకు మనసొప్పదు.

మా కోనసీమలో వేరే రకం భక్తి ఒకటి ఉండేది. మండపేటలో 1841లో పుట్టి, లంకల గన్నవరం కోడలై వచ్చిన డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూసే దాకా చేసిన పూజ ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టడమే. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు ఆ ఊరు మజిలీ. అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి వెలిగించేవారని మా పెద్దలు చెప్పేవారు. ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరి దారిలో ఆగినప్పుడు, ఆకలికి ఏడుస్తున్న పిల్లలను గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో అన్నం దొరుకుతుందని సముదాయిస్తున్న ఒక పెళ్లిబృందం మాటలు విని, స్వామి దర్శనం మానుకుని, పల్లకి వెనక్కి తిప్పించి, వారికంటే ముందే ఇల్లు చేరి వంట చేయించారట. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ఆహ్వానం వస్తే దానికీ ఆమె వెళ్లలేదని, చివరికి అధికారులు ఆమె ఫొటో తీయించి పంపారని చెబుతారు. నాకు ఈ రెండవ కథ కంటే మొదటిదే పెద్దదిగా తోస్తుంది. రాజుగారి పిలుపును కాదనడానికి నిరాడంబరత చాలు. బయలుదేరి వెళ్లి, దారిలోనే దేవుడి దర్శనం వదులుకుని రావడానికి, ఆకలితో ఉన్న పిల్లల్లో ఆ దేవుడే ఉన్నాడన్న నమ్మకం కావాలి. ఈ అన్నదానంలో వారి ఆస్తి కూడా కరిగిపోయిందనే చెబుతారు. ఇప్పటి లెక్కల్లో ఆమెను ఏ వరుసలో నిలబెడతామో తెలియదు.

కాలువను గోదావరి పాయ మీదుగా దాటించే గన్నవరం కొత్త అక్విడెక్టుకు ఆమె పేరు పెట్టుకున్నాం. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆ పేరే పెట్టారు, సంతోషం. కాని ఆ అన్నం తిన్న పిల్లవాడే పెద్దవాడై సీతమ్మగారి దారిలో కొంచెం నడుస్తానంటే, ముందుగా కంగారుపడేది మనమే.

అప్పు నెత్తిన ఉన్నవాడిని, చెల్లెలి పెళ్లి చేయవలసినవాడిని ఉద్యోగం వదిలి రమ్మని చెప్పేంత తెలివితక్కువవాణ్ణి కాను. పేదరికంలో పవిత్రత ఏమీ లేదని, నెలాఖరుకు చేబదులు కోసం తిరిగిన మా తరానికి ఎవరూ చెప్పనక్కరలేదు. మా ఇంటావిడ బెంగ మరొకటి: కొబ్బరితోట చూసుకునేవాడికి పిల్లనెవరిస్తారని. దానికి నా దగ్గర సమాధానం లేదు. మా వాడు మాత్రం నవ్వి, "పిల్లనిచ్చేది నాకా, నా జీతానికా అమ్మా?" అన్నాడు. ఆవిడ నవ్వలేదు.

అందుకే మీకు ఒక విన్నపం. ఫలితాల రోజుల్లో ర్యాంకులూ, ప్రాంగణ నియామకాల కాలంలో లక్షల జీతాలూ మీ పత్రిక పేజీలు నిండా కనిపిస్తాయి. వాటిలో చాలావరకు ప్రకటనలే కనుక మానమని అడగలేను. వారానికి ఒక్కసారి, లోపలి పేజీలోనైనా సరే, నమ్మిన దేవుడి కోసం తక్కువతో సరిపెట్టుకుని పదిమందికి పనికివచ్చేలా బతుకుతున్న ఒక మామూలు మనిషి గురించి, ఏ మతం వారైనా సరే, నాలుగు వాక్యాలు వేయండి. గుడిలో వడ్డించేవారు, చర్చి తరఫున ఆసుపత్రిలో రోగుల పక్కన కూర్చునేవారు, రంజాన్ నెలలో దారినపోయేవారికి ఇఫ్తార్ పెట్టేవారు మీ విలేకరులకు ప్రతి మండలంలోనూ దొరుకుతారు. మా మండలంలోని వారి వివరాలు నేనే రాసి పంపగలను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కోనసీమ