మన సంఘం 2025 వార్షిక నివేదిక: నోటీసులు చదివిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ నివేదిక సంక్రాంతికే మీ చేతికి రావాల్సింది. ఆలస్యానికి కారణం నేనే, వేరే ఎవరూ కాదు. జమాఖర్చుల కాగితం ఆడిటరు గారి సంతకంతో ఆఫీసు తలుపు వెనక అంటించాం. అనుమానం ఉంటే కోశాధికారి గారిని అడగండి. నన్ను అడిగితే నేనూ వెళ్లి ఆయన్నే అడగాలి. వేసవి చలివేంద్రం, కంటి పరీక్షల శిబిరం, పదో తరగతి పిల్లలకు పుస్తకాలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి గురించి ఇంతకంటే రాయడం కాగితం దండగ.

కొత్తగా మొదలుపెట్టింది ఒకటే: శనివారం సాయంత్రం ఆఫీసు అరుగు మీద కూర్చుని, ఆ వారం వచ్చిన ప్రభుత్వ నోటీసులు చదివి చెప్పుకోవడం. ఇది ఎలా మొదలైందో సభ్యులు చాలామందికి తెలియదు. వరదల రోజుల్లో సచివాలయం బోర్డు దగ్గర నిలబడి ఉంటే ఒక మామ్మగారు ఆగి, "ఏం రాశారు బాబూ?" అని అడిగారు. గొంతు సవరించుకుని మొత్తం చదివాను. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం ఇంత, సముద్రంలోకి వదులుతున్నది ఇన్ని లక్షల క్యూసెక్కులు, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను. ఆవిడ అంతా శ్రద్ధగా విని, "అయితే నేనిప్పుడు గేదెల్ని గట్టు మీదికి తోలాలా, వద్దా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. డిగ్రీ చదివాను, పాతికేళ్లు ఉద్యోగం చేశాను, ఆ ముక్క చెప్పలేకపోయాను. ఏ నోటీసు చేతికొచ్చినా "తోలాలా, వద్దా" అన్నదానికి అందులో జవాబు వెతకాలని ఆ రోజే అనుకున్నాం. ఈ ఏడాది మన పని అంతా అదే.

ముందు గోదావరి సంగతి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రవాహం లెక్కలో అవి సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు, మన లెక్కలో రెండు బిందెలు. మొదటి హెచ్చరిక అంటే సెకనుకు 20 లక్షల బిందెలు మన పాయల మీదికి వస్తున్నాయన్నమాట. ఇలా చెప్పాక అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పైన భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు ఇస్తారు. అక్కడి నీరు మన దాకా రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. కాబట్టి టీవీలో భద్రాచలం పేరు వినగానే మనకింకా టైముందని అర్థం. అలాగని నిద్రపోవచ్చని కాదు.

ఇంత చెప్పినా మామ్మగారి ప్రశ్న తీరలేదు. 13.75 అడుగులు ధవళేశ్వరంలో కదా, మన రేవులో ఎంత? దానికి జవాబు పుస్తకాల్లో దొరకలేదు, పడవ నడిపేవాళ్ల దగ్గర దొరికింది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు నీరు రామాలయం అరుగు ఎక్కింది. ఆ మరక గోడ మీద ఇప్పటికీ ఉంది. 1986 ఆగస్టు వరద అంతకంటే పెద్దది, 35 లక్షలు దాటింది. అది చూసిన పెద్దలు ముగ్గురు కర్ర పట్టుకుని ఎవరికి వాళ్లు ఒక్కోచోట చూపించారు, కాస్త వాదనా అయింది. చివరికి రేవు మెట్ల మీద మూడు గీతలు గీశాం. పసుపు గీత మొదటి హెచ్చరిక, ఆరెంజి రెండోది, ఎరుపు మూడోది. కాజ్‌వే మునిగేది పసుపు, ఆరెంజి గీతల మధ్యలో. ఆరెంజి గీత తడిసిందంటే గేదెల్ని తోలాలి, ఇంకెవరినీ అడగక్కర్లేదు.

ఒక్క మాట. అమావాస్య, పున్నమి పోటు రోజుల్లో సముద్రం నీటిని వెనక్కి తోస్తుంది. అప్పుడు బ్యారేజీ దగ్గర తగ్గుతున్నా మన దగ్గర తొందరగా తీయదు. ఇసుక మేటలు కూడా ఏటా మారతాయి. కాబట్టి మన గీతలు దేవుడి వాక్కులేమీ కాదు.

ఇక మొంథా. అక్టోబరు 28 అర్ధరాత్రి అది నరసాపురానికి దగ్గరగా తీవ్ర తుపానుగా తీరం దాటిందని మీకు వేరే చెప్పక్కర్లేదు, ఎవరూ పడుకోలేదు కదా. ఆ రోజుల్లో మనం మాట్లాడుకున్నది పోర్టుల్లో ఎగరేసే హెచ్చరిక నంబర్ల గురించి. కాకినాడలో పదో నంబరు ఎగరేస్తే ఒక కుర్రాడు, "ఆయ్, పదో నంబరంటే ఎనిమిదో నంబరు కంటే గాలి ఎక్కువ కదండీ!" అన్నాడు. నేనూ చిన్నప్పటి నుంచి అలాగే అనుకున్నాను. తీరా చూస్తే 8, 9, 10 మూడూ ఒకే తీవ్రత, మూడూ పెను ప్రమాదమే. తుపాను ఆ రేవుకు ఏ పక్కనుంచి తీరం దాటుతుందన్నదే తేడా. పదో నంబరంటే నేరుగా ఆ రేవు మీదుగా గానీ, బాగా దగ్గరగా గానీ పోతుందని. 5, 6, 7 నంబర్లదీ ఇదే పద్ధతి, తీవ్రత ఒక మెట్టు తక్కువ. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఇవి ఓడలవాళ్ల కోసం పెట్టిన నంబర్లు. మనం చూసుకోవాల్సింది జిల్లాకు ఇచ్చే రంగు: పసుపు అంటే గమనించుకోండి, ఆరెంజి అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే కదలండి.

ఫోన్లు ఒక్కసారిగా సైరన్‌లా మోగడం గురించి చాలామంది భయపడి అడిగారు. అది హ్యాకింగు కాదు. ఆ టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లన్నింటికీ ప్రభుత్వం ఒకేసారి పంపే హెచ్చరిక. మన నంబరు ఎవరికీ తెలియనక్కర్లేదు. మోగినప్పుడు ఆపేయకుండా ముందు చదవండి. తెలుగులోనే ఉంటుంది.

ఇక్కడ సంఘం తప్పు ఒకటి ఒప్పుకోవాలి. తుపాను రోజు సాయంత్రం వంతెన మూసేశారని ఒక మెసేజ్ వస్తే, ఎవరు పంపారో చూడకుండా మన గ్రూపులో నేనే ఫార్వర్డ్ చేశాను. అది అబద్ధం. దాన్ని నమ్మి ఒక కుటుంబం నిండు గర్భిణిని ఆస్పత్రికి తీసుకెళ్లడం రెండు గంటలు ఆపుకున్నారు. తల్లీ బిడ్డా క్షేమం. కానీ ఆ రెండు గంటలు నా ఖాతాలోనివే. అప్పటి నుంచి గ్రూపులో పెట్టే ప్రతి నోటీసుకూ అది ఏ ఆఫీసు నుంచి వచ్చింది, తేదీ ఏంటి అనేది పైన రాయాలని నియమం పెట్టుకున్నాం. తేదీ లేని నోటీసు పెడితే అడ్మిన్ తీసేస్తారు, అలగొద్దు. 1996 నవంబరు 6 తుపానుకు మన తీరంలో వెయ్యి మందికి పైగా పోయారు. అప్పట్లో కబురు అందక పోయారు. ఇప్పుడు తప్పుడు కబురు అందితే ఇంకేం చెప్తాం.

ఎక్కువ సమయం పట్టింది గల్ఫ్ నోటీసులకు. నరసాపురం, మొగల్తూరు, రాజోలు, సఖినేటిపల్లి వైపు ఇల్లు విడిచి ఇల్లు కువైట్, మస్కట్, దోహా చుట్టాలుంటారు. వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు. ఒక శనివారం ఒక అక్క పాస్‌పోర్టు తెచ్చి చేతిలో పెట్టింది. అందులో ఈసీఆర్ అని ఉంది. "ఏజెంటు ఇదేం కాదన్నాడండి, టిక్కెట్టు కూడా తీశాడు" అంది. వీసా కాగితం చూస్తే విజిట్ వీసా.

ఈసీఆర్ అంటే పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టుకు వేసే గుర్తు. అలాంటివాళ్లు కువైట్, సౌదీ, ఒమన్, ఖతార్, బహ్రెయిన్, యూఏఈ లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. 1983 నాటి వలసల చట్టం కింద ఈ ఏర్పాటు. ఈ గుర్తు మనల్ని అవమానించడానికి కాదు, అక్కడ జీతం ఎగ్గొడితే అడిగే కాగితం మన చేతిలో ఉండాలని. ఈసీఆర్ ఉన్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్లాలి. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరితే, పేరుకు మీరక్కడ చుట్టపుచూపుగా వచ్చినవాళ్లే. జీతం ఇవ్వలేదని ఎవరికి చెప్పుకుంటారు? వయసు తక్కువైతే ఏజెంట్లు కాగితాలు దిద్దుతారు. సెప్టెంబరు 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త వలసలు, విదేశీయుల చట్టం ప్రకారం నకిలీ పాస్‌పోర్టు గానీ వీసా గానీ తెలిసి వాడితే తక్కువలో తక్కువ రెండేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. లక్ష నుంచి 10 లక్షల దాకా జరిమానా. దిద్దింది ఏజెంటే అయినా కౌంటరు దగ్గర నిలబడేది మీరు.

లైసెన్సు ఉన్న ఏజెంటు సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి, రసీదివ్వాలి. లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో కనబడుతుంది. మన ఆఫీసు కంప్యూటర్లో చూపిస్తాం. అనుమతితో వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలు. 2024 జూన్‌లో కువైట్ మంగాఫ్ అగ్నిప్రమాదంలో 40 మందికి పైగా భారతీయులు చనిపోయినప్పుడు ఈ బీమా గురించి ఊరంతా మాట్లాడుకున్నాం, నెల తిరిగేసరికి మరిచిపోయాం. సందేహం ఉంటే కేంద్ర ప్రభుత్వ సహాయ కేంద్రానికి ఫోన్ చేయొచ్చు, 1800 11 3090, డబ్బులు పడవు.

ఆ అక్క వెళ్లలేదు. ఏజెంటు తీసుకున్న డబ్బులో సగం తిరిగొచ్చింది, మిగతా సగం కోసం తిరుగుతున్నాం. ఊళ్లో కొందరు "సంఘం వాళ్లు ఆమె నోటి దగ్గరి కూడు తీశారు" అన్నారు. అప్పు తీర్చే దారి మనం చూపించలేదు కాబట్టి ఆ మాటలో నిజం లేకపోలేదు. సరైన దారిలో ఆమె దరఖాస్తు పెట్టించాం, ఇంకా కబురు రాలేదు.

అమెరికా సంగతి క్లుప్తంగా. సెప్టెంబరు 19న అక్కడి ఉద్యోగ వీసా హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు అని వార్త వచ్చిన రాత్రి, దసరాకు వచ్చిన ఇద్దరు అబ్బాయిలు అప్పటికప్పుడు బట్టలు సర్దేశారు. ఒక ఇంట్లో పెళ్లిచూపులు కూడా ఆగాయి. మర్నాటికి అక్కడి ప్రభుత్వమే వివరణ ఇచ్చింది: అది కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉండి తిరిగి వెళ్లేవాళ్లకు కాదు. ఒక్క రాత్రి ఆగి చదివితే టిక్కెట్ల మీద పోసిన డబ్బు మిగిలేది. అంత టెన్షన్‌లో ఆగమని చెప్పడం తేలికే లెండి.

దిండి వైపు హోమ్‌స్టేలు పెట్టిన సభ్యులు ఒకటి గమనించాలి. విదేశీ పౌరులు దిగితే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో ఆ వివరం పంపాలి. పెద్ద హోటళ్లకే కాదు, రెండు గదుల ఇంటికీ ఇది వర్తిస్తుంది.

వేటకెళ్లే కుటుంబాలు మన సభ్యుల్లో కొద్దిమందే. అయినా వాళ్ల గోడు వినాలి. మెరైన్ పోలీసులు కార్డు చూపించమని ఆపడం గురించి అంతర్వేది పల్లిపాలెం కుర్రాళ్లు చిరాకు పడ్డారు. 2008లో ముంబై మీద దాడి చేసినవాళ్లు మన దేశపు చేపల బోటునే పట్టుకుని అందులో వచ్చారు. మత్స్యకారులకు గుర్తింపు కార్డులు, బోట్లకు నంబర్లు, రంగులు గట్టిగా పట్టించుకోవడం అక్కడి నుంచే. కార్డు మనల్నీ కాపాడుతుంది. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లి తెలియక గీత దాటిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఏడాదికి పైగా పాకిస్తాన్ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. నీళ్ల మీద గీత కనబడదు కదా. ఇప్పుడు బోట్లకు ఉచితంగా ఇచ్చే ట్రాన్స్‌పాండరు సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిస్తుంది, ఆపదలో మీట నొక్కితే ఒడ్డుకు కబురు వెళుతుంది. బ్యాటరీ తగ్గుతుందని దాన్ని ఆపి పెట్టేవాళ్లున్నారని విన్నాను. సముద్రంలో ఆపద అయితే కోస్ట్‌గార్డు 1554, తీర పోలీసులు 1093. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధానికి ఇచ్చే సాయం ఈ ఏడాది 20,000 అయింది. పేరు రానివాళ్ల దరఖాస్తులు మనమే రాసి పెట్టాం.

వచ్చే ఏడాదికి పెద్ద ప్రణాళికలేమీ లేవు. శనివారం చదవడం కొనసాగుతుంది. ఇంకో ఇద్దరు చదివేవాళ్లు కావాలి, నా గొంతు, కళ్లజోడు రెండూ అరిగిపోయాయి. ఆఫీసు గోడ మీద 112, జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్రానిది 1070 పెద్ద అక్షరాలతో రాయించాలి. మే నెలాఖరులోగా రేవు గీతలకు మళ్లీ రంగు వేయాలి, ఆరెంజి అప్పుడే పాకు పట్టి కనబడడం లేదు.

గేదెల మామ్మగారు ఆ ఆరెంజి గీత కాస్త కిందికి గీయమంటున్నారు, ఆవిడ పాక పల్లంలో ఉంది. రేవు గీత అక్కడే ఉంటుంది గానీ, పాక గుంజకు విడిగా ఒకటి గీసి ఇస్తామని మాటిచ్చాం. రంగు డబ్బాలో అడుగున కొంచెం మిగిలింది, దానికి సరిపోతుంది.

ఇట్లు,
కార్యదర్శి