డబ్లిన్ సంగీతం అంటే టెంపుల్ బార్ ఒక్కటే కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

పిల్లల దగ్గరికి ఐర్లాండ్ వెళ్లే తల్లిదండ్రుల కోసం మీ ఆదివారం సంచికలో డబ్లిన్ మీద వచ్చిన వ్యాసం చదివాను. మిగతాదంతా బాగుంది గానీ, ఐరిష్ సంప్రదాయ సంగీతం వినాలంటే టూరిస్టులు ఎక్కువగా తిరిగే పబ్బుల పేట టెంపుల్ బార్‌కి వెళ్లండి అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. నేను గుంటూరు వాణ్ణి, డబ్లిన్‌లో ఉద్యోగం. సంగీతంలో పండితుణ్ణేం కాదు, వినడం ఇష్టం అంతే.

టెంపుల్ బార్‌లో సంగీతం లేదని కాదు. మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా మోగుతూనే ఉంటుంది. కాకపోతే చాలా చోట్ల జరిగేది ఏమిటంటే, ఒకరో ఇద్దరో గిటార్లూ మైకులూ పెట్టుకుని టూరిస్టులకి ముందే తెలిసిన పాటల్నే రోజూ తిప్పి తిప్పి పాడుతుంటారు, గ్లాసు రేటు మాత్రం ఊళ్లో మిగతా చోట్ల కంటే బాగా ఎక్కువ. వాళ్లని తప్పు పట్టను, అది వాళ్ల బతుకుతెరువు. జనవరిలో ట్రాడ్‌ఫెస్ట్ అనే సంప్రదాయ సంగీత ఉత్సవం జరిగే రోజుల్లో అయితే ఆ చుట్టుపక్కల నిజంగానే మంచి కచేరీలు ఉంటాయి. మిగతా రోజుల్లో అసలు సరుకు కావాలంటే లిఫీ నది దాటి ఉత్తరం ఒడ్డుకి రావాలి.

లువాస్ ట్రామ్ రెడ్ లైన్ ఎక్కి స్మిత్‌ఫీల్డ్‌లో దిగితే నాలుగడుగుల్లో కాబుల్‌స్టోన్ అనే పాత పబ్ ఉంటుంది. ‘సంగీతం అనే సమస్య ఉన్న మందు దుకాణం’ అని తమ మీద తామే జోక్ వేసుకుంటారు. లోపలికి వెళ్లగానే కిటికీ పక్కన మూల బల్ల చుట్టూ ఫిడేలు, చెక్క ఫ్లూటు, టిన్ విజిల్ (రేకు పిల్లనగ్రోవి), కాన్సర్టీనా (చేతుల్లో పట్టే చిన్న తిత్తి హార్మోనియం లాంటిది), బాంజో పట్టుకున్నవాళ్లు ఒకరికొకరు ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. స్టేజీ లేదు, మనవైపు చూడను కూడా చూడరు. దీన్ని సెషన్ అంటారు. మా నాన్నగారిని తీసుకెళ్తే కాసేపు చూసి, ‘ఒరేయ్, వీళ్లు ఎవరి కోసం వాయిస్తున్నార్రా?’ అని అడిగారు. ఆయన మా ఊరి రామాలయంలో శనివారం భజనకి హార్మోనియం వాయించేవారు, కాబట్టి రెండు నిమిషాల్లో ఆయనకే అర్థమైపోయింది. భజనలో ఎలాగైతే వచ్చినవాళ్లే వాయిస్తారో, వాళ్లే వింటారో, ఇక్కడా అంతే. మనం అక్కడ ఉండటం వాళ్లకి అడ్డం కాదు, అవసరమూ కాదు.

వాయించే పద్ధతి కొంచెం తెలిస్తే వినడం ఇంకా బాగుంటుంది. ఒక్కో ట్యూన్‌లో సాధారణంగా రెండు భాగాలు, ఒక్కోటి 8 బార్లు (మన తాళం ఆవర్తనంలాంటి కొలత), రెండేసి సార్లు వాయిస్తే మొత్తం 32. దాన్ని మూడుసార్లో ఎన్నోసార్లో తిప్పి, ఆపకుండానే ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు. ఆ మార్పు జరిగే క్షణం వినాలండీ, ఎవరో ఒకరు తల ఎత్తి చూస్తారు లేదా చిన్నగా అరుస్తారు, అంతే, పదిమందీ ఒక్కసారి మలుపు తిరిగిపోతారు. ముందు కాగితాలు ఉండవు, ఎక్కువమంది చెవితో నేర్చుకున్నవాళ్లే. ట్యూన్లలో రీల్, జిగ్, స్లిప్ జిగ్ అని రకాలుంటాయి, మన లెక్కలో చెప్పాలంటే రీల్‌ది చతురశ్ర నడక, జిగ్‌ది తిశ్ర నడక, స్లిప్ జిగ్‌లో మూడేసి చొప్పున తొమ్మిది. ఫిడేలూ ఫ్లూటూ అందరూ ఒకే వరస వాయిస్తారు, ఎవరి గమకాలు వాళ్లవి, అందుకే పాశ్చాత్య సంగీతం అనగానే మన చెవికి అనిపించే ఆ కొత్త ఇక్కడ అంతగా అనిపించదు. బౌరాన్ అని మేకతోలు వాయిద్యం ఒకటి ఉంటుంది, చిన్న పుల్లతో వాయిస్తారు. ఒక్కటి చాలనుకుంటారు కాబట్టి, బల్ల దగ్గరికి రెండో బౌరాన్ వస్తే మిగతావాళ్ల మొహాలు మారిపోతాయి, అది చూడటమూ ఒక సరదా.

ఇలన్ పైప్స్ అనే ఐరిష్ తిత్తి వాయిద్యం (బ్యాగ్‌పైప్) గురించి విడిగా చెప్పాలి. స్కాట్లాండ్ వాళ్లలా నోటితో ఊదేది కాదు ఇది. ఒక చంక కింద తిత్తి, రెండో మోచేతి కింద చిన్న కొలిమితిత్తి లాంటిది, కూర్చునే వాయించాలి, గొంతు కూడా మెత్తగా ఉంటుంది. నేర్చుకోవడానికి ఏడేళ్లు, సాధనకి ఏడేళ్లు, వాయించడానికి ఏడేళ్లు అని సామెత. 1968లో ఈ వాయిద్యం నేర్చినవాళ్లు బాగా తగ్గిపోయి ఉన్న కాలంలో నా పీబరీ ఇలన్ అనే సంఘం పెట్టుకున్నారు, ఇప్పుడది హెన్రియెటా స్ట్రీట్‌లో 15వ నంబర్ ఇంట్లో ఉంది, అక్కడ పాఠాలు చెబుతారు, కచేరీలు పెడతారు. 2017లో యునెస్కో ఈ విద్యని తన వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంత పేరున్న కాబుల్‌స్టోన్ కూడా 2021లో పోయినంత పని అయింది. అక్కడ తొమ్మిది అంతస్తుల హోటల్ కడతామని దరఖాస్తు పెట్టారు. పబ్ ముందు భాగం ఉంచుతామన్నారు గానీ, కచేరీలు జరిగే వెనక గది పోయేది. అక్టోబర్‌లో జనం వాయిద్యాలు వాయిస్తూ, శవపేటిక మోసుకుంటూ వీధుల్లో ఊరేగింపు తీశారు. నవంబర్‌లో సిటీ కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. టూరిస్టుల కోసం హోటల్ కట్టడానికి, టూరిస్టులు చూడటానికి వచ్చేదాన్నే కూల్చడం ఏం లెక్కో నాకైతే అర్థం కాలేదు.

నదికి దక్షిణాన కూడా లేకపోలేదు. మెరియన్ రోలో ఓడొనహ్యూస్ ఉంది, డబ్లినర్స్ అనే పేరున్న ఐరిష్ జానపద సంగీత బృందం 1962లో మొదలైంది అక్కడే. పబ్ అసలే వద్దు అనుకునేవాళ్లు మెరియన్ స్క్వేర్‌లో 73వ నంబర్‌కి వెళ్లొచ్చు, అది సంప్రదాయ సంగీత భాండాగారం, 1987లో పెట్టారు, పాత రికార్డింగులు ఉచితంగా వినిపిస్తారు. వాయిద్యం లేకుండా ఒంటి గొంతుతో పాడే షాన్‌నోస్ పద్ధతి మీద ఆసక్తి ఉంటే పాటగాళ్ల క్లబ్బులు వేరే ఉన్నాయి, 1979లో మొదలైన గోయిలీన్ క్లబ్ వాటిలో పేరున్నది. అక్కడ ఒకరు పాడుతుంటే గుసగుస కూడా వినపడదు.

మనవాళ్లలో చాలామంది ఇక్కడ ఏళ్లతరబడి ఉండి కూడా ఒక్క సెషన్ వినలేదు. పబ్ అంటే హైదరాబాద్ పబ్బే కళ్లముందు మెదులుతుంది మరి, డీజే, చెవులు పగిలే మోత, పోలీసుల రైడ్ వార్తలు. ఇక్కడ ముసలివాళ్లు పేపరు చదువుకుంటూ కూర్చుంటారు. తాగి తీరాలని ఎవరూ అనరు, టీయో కూల్‌డ్రింకో తీసుకున్నా ఎవరూ వింతగా చూడరు. పెద్దవాళ్లు తోడుంటే 15 ఏళ్ల లోపు పిల్లల్ని రాత్రి 9 దాకా, మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే 10 దాకా రానిస్తారు, కాకపోతే యజమాని ఇష్టం. మన పిల్లల్లో చాలామంది స్కూల్లో టిన్ విజిల్ నేర్చుకుంటున్నారు, దాంతో పెద్దవాళ్లు ఏం చేస్తారో చూపించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

వెళ్లేవాళ్లు కొన్ని విషయాలు గుర్తుంచుకుంటే చాలు. వాయించేవాళ్ల బల్ల దగ్గర ఖాళీ కుర్చీ కనపడినా కూర్చోకూడదు, అది రాబోయే వాయిద్యకారుడిది. అడగకుండా వీడియో తీయొద్దు. ఫలానా పాట వాయించండి అని అడగొద్దు. ఫోన్ స్పీకర్‌లో ఇంటికి వీడియో కాల్ చేసి చూపించడం అసలొద్దు, ఇది మన వాళ్లకే ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట!

ఎండాకాలం సెలవుల్లో తల్లిదండ్రులు ఎక్కువగా ఇటు వస్తారు కాబట్టి, ఆలోపు ఇంకోసారి డబ్లిన్ గురించి వేసేటప్పుడు స్మిత్‌ఫీల్డ్, హెన్రియెటా స్ట్రీట్, మెరియన్ స్క్వేర్ పేర్లు కూడా ఇవ్వండి. సెషన్ల రోజులూ వేళలూ మారుతుంటాయి, బయల్దేరే ముందు ఒక ఫోన్ చేసి కనుక్కోమని కూడా రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, డబ్లిన్