20 లక్షల చుట్ల కాయిల్

ఒరేయ్ సత్తిబాబూ,

నీ ఉత్తరం అందింది. ఈసీజీ నార్మల్ అన్నారని చదివాక గానీ నా టెన్షన్ దిగలేదు. ఛాతీ మీద వెంట్రుకలకి ఆ రబ్బరు బుడ్డలు అంటుకోక ఊడిపోతుంటే నర్సమ్మ మూడుసార్లు జెల్ పూసి విసుక్కుందని రాశావు చూడు, అక్కడ మాత్రం నవ్వాపుకోలేకపోయాను. ఒంటికి ఏదీ అంటించకుండా గుండెను చూసే మిషన్ లేదా అని అడిగావు కదా. ఉందిరా. అది మొదట పుట్టింది నీ వైండింగ్ పనిలోంచే, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

తీగలో కరెంటు పారితే చుట్టూ అయస్కాంతం పుడుతుందని రోజూ మోటార్లు చుట్టే నీకు నేను చెప్పాలా? గుండె కొట్టుకున్నప్పుడల్లా దాని కండలోనూ కరెంటు పాకుతుంది, దాని వెంట అయస్కాంతమూ పుట్టి చొక్కా దాటి బయటికొస్తుంది. గొడవల్లా అది ఎంత అన్నదే. దిక్సూచి ముల్లుని తిప్పే భూమి అయస్కాంతంలో పది లక్షల్లో ఒకటో రెండో వంతులు, అంతే. నేనూ ఫోన్‌లో దిక్సూచి యాప్ పెట్టి ఛాతీకి ఆనించాను. అంకెలు గంతులేస్తే తెగ సంబరపడ్డాను, తీరా చూస్తే జేబులో తాళాలు!

1963లో అమెరికాలోని సిరక్యూస్‌లో గెర్హార్డ్ బౌలే, రిచర్డ్ మెక్‌ఫీ అనే ఇద్దరు దీన్ని మొదటిసారి పట్టారు. దేనితో అనుకున్నావు? ఇనుప ఆక్సైడుతో చేసిన ఫెర్రైట్ కోర్ మీద 20 లక్షల చుట్లు చుట్టిన కాయిల్‌తో! సీలింగ్ ఫ్యాను చుట్టడానికే నడుం పట్టేసిందంటావు నువ్వు. అంతకంటే గడుసుతనం ఇంకోటుంది. అలాంటి కాయిల్స్ రెండు పెట్టి ఒకదానికొకటి ఎదురు కలిపారు. దూరం నుంచి వచ్చే కరెంటు లైన్ల రొద రెండింటికీ సమానంగా తగిలి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. దగ్గరున్న గుండె మాత్రం రెండింటినీ ఒకేలా తాకదు కాబట్టి మిగిలిపోతుంది. అంత చేసినా రొద పడలేక ఊరికి దూరంగా ఖాళీ మైదానంలోకి పోయి కొలిచారు.

తర్వాత స్క్విడ్ అని మహా సున్నితమైన సెన్సర్ వచ్చింది. అప్పటి రకం మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో ముంచితే గానీ పనిచేసేది కాదు. 1969 డిసెంబర్ 31 రాత్రి, లోకమంతా కొత్త సంవత్సరం హడావిడిలో ఉంటే, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కోహెన్ కట్టిన అయస్కాంతం చొరబడని గదిలో, ఆ సెన్సర్ చేసిన జిమ్మర్‌మన్ చెడ్డీతో నిలబడి తన గుండెనే కొలిపించుకున్నాడు. బట్టలకుండే ఇనుప ముక్కలు కూడా పనికిరావు మరి. నువ్వెళ్తే మొలతాడుకి పెట్టుకున్న పిన్నీసు ముందు తీసెయ్యాలి.

మన దగ్గరా ఉంది. మద్రాసు దగ్గరి కల్పాక్కంలో, ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రం వాళ్లు స్క్విడ్‌లు సొంతంగా చేసి గుండెనూ మెదడునూ కొలిచే పరికరాలు కట్టారు.

ఇంత తిప్పలెందుకు, ఈసీజీ ఉందిగా అంటావు. నీ విషయంలో నిజమే. నూరేళ్ల పైబడిన పద్ధతి, చవక, పల్లెలో కూడా దొరుకుతుంది. హీలియం పోసి, ప్రత్యేకంగా గది కట్టి మరీ నీ గుండెను చూడక్కర్లేదు. కానీ కడుపులో బిడ్డ సంగతి వేరు. ఏడో నెల దగ్గర బిడ్డ ఒంటికి వెన్నలాంటి తెల్లటి పూత పడుతుంది. అది మన తీగ మీది ఎనామిల్ పూత లాంటిదే, కరెంటును బయటికి రానివ్వదు. ఈసీజీకి సరిగ్గా అందదు. అయస్కాంతానికి ఆ పూత అడ్డే కాదు. పుట్టకముందే బిడ్డ గుండె లయలో తేడా ఉంటే పట్టుకోవచ్చు. నాకు ఈ మిషన్ మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

ఈమధ్య రుబీడియం అనే లోహపు ఆవిరి నింపిన చిన్న గాజు డబ్బీల సెన్సర్లు వచ్చాయి. హీలియం గోల లేదు, ఛాతీకి బాగా దగ్గరగా పెట్టొచ్చు. బయటి రొదను ఆపే ఏర్పాటు మాత్రం వాటికీ కావాల్సిందే.

దసరాకి వస్తున్నా. ఈలోగా కొట్లో మిగిలిన సన్న తీగతో ఒకే కొలత కాయిల్స్ రెండు చుట్టి ఉంచు. 20 లక్షలొద్దులే, ఒక్కోటి రెండు వేలు చాలు. ఎదురు కలిపి, నీ గ్రైండింగ్ మిషన్ రొద ఎంత చస్తుందో చూద్దాం. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రమణ