ముక్కలయ్యాక ఏరలేం: చేపల రేవుల్లో మైక్రోప్లాస్టిక్‌పై మత్స్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

తీరంలో ప్లాస్టిక్ సమస్య అంటే మన దగ్గర మొదట చేసే పని బీచ్ శుభ్రం చేయడం. ఆ శ్రమను మేం తక్కువ చేయడం లేదు. సీసా, సంచి, చెప్పు చేతికి దొరుకుతాయి కాబట్టి వాటిని ఏరాల్సిందే. కానీ 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కలు, అంటే మైక్రోప్లాస్టిక్, ఇసుకలో కలిశాక చేతికి దొరకవు. యంత్రాలతో ఇసుకను జల్లెడ పడితే ఆ ముక్కలతోపాటు పీత పిల్లలూ, పురుగులూ, తాబేలు గుడ్లూ పోతాయి. ముక్కలు కాకముందే పట్టుకోవడం ఒక్కటే దారి. అలా పట్టుకోవడానికి వీలున్న చోటు మీ శాఖ చేతిలోనే ఉంది. అది చేపల రేవు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల గురించీ, కొత్తగా కడుతున్న హార్బర్ల గురించీ ఈ లేఖ.

ముందుగా థర్మకోల్ పెట్టె. వేలం ముగిశాక ఏ రేవులోనైనా జెట్టీ గోడ వారగా చూస్తే పగిలిన పెట్టెల ముక్కలు నీటిమీద తేలుతూ కనిపిస్తాయి. ఒక ముక్క తీసి మూలను వేళ్లతో నలిపితే తెల్లటి పూసలు రాలతాయి. ఒక్కో పూస సుమారు 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. మిగతా ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కి ముక్కలవడానికి ఏళ్లు పడుతుంది. థర్మకోల్ మాత్రం విరిగిన క్షణానే మైక్రోప్లాస్టిక్ అవుతుంది. పూస 4 మిల్లీమీటర్లని లెక్క కట్టినా, లీటరు నీళ్ల సీసా అంత ముక్క పూర్తిగా నలిగితే పాతిక వేల పూసలవుతాయి. వాటిలో అధిక భాగం గాలే కాబట్టి నీట మునగవు. గాలి ఎటు తోస్తే అటు వెళ్లి, ప్రవాహాలు కలిసే చోట నురగతోపాటు గీతలు కడతాయి. గుడ్డు నుంచి బయటికొచ్చిన తాబేలు పిల్లలు లోతుకు పోలేక పైపైనే తేలుతూ మేత వెతుక్కునేది ఆ గీతల్లోనే. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లాంటి చోటికి పోటుతో చేరిన పూస వేళ్ల మధ్య చిక్కుకుంటే, పాటుతో మళ్లీ బయటికి రావడం కష్టం.

2022 జులై 1 నుంచి దేశమంతటా అమల్లో ఉన్న ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధంలో థర్మకోల్ పేరుంది. అయితే అది అలంకరణకు వాడే థర్మకోల్ వరకే. చేపలు, ఐసు వేసే పెట్టె ఆ జాబితాలో లేదు. రేపే దాన్ని నిషేధించమని మేం అడగడం లేదు. వేడి దేశంలో చేపకు చల్లదనం పోతే సరుకే పోతుంది. దూరపు మార్కెట్లకు వెళ్లిన పెట్టె తిరిగి రాదు కాబట్టే వ్యాపారి చవకైన థర్మకోల్‌ను ఎంచుకుంటాడు. అందుకని దగ్గరి వ్యాపారాన్నీ దూరపు వ్యాపారాన్నీ వేరుగా చూడాలి. రేవు నుంచి అదే జిల్లాలోని మార్కెట్‌కు పోయే సరుకు సాయంత్రానికి ఖాళీ అవుతుంది. అక్కడ గట్టి ప్లాస్టిక్‌తో చేసిన, గోడల్లో ఇన్సులేషన్ నింపిన పెట్టెలు డిపాజిట్ మీద ఇవ్వవచ్చు. డిపాజిట్ కొత్త పెట్టె ధరలో కనీసం సగం ఉండాలి. అంతకంటే తక్కువైతే పెట్టెలు నీళ్ల తొట్లుగా, సామాన్ల పెట్టెలుగా ఇళ్లకు చేరతాయి.

దూరం వెళ్లే సరుకుకు థర్మకోల్ ఇంకొన్నాళ్లు తప్పదు. అక్కడ చేయగలిగింది విరిగిన పెట్టెను రేవు గేటు దాటకుండా పట్టుకోవడం. దీన్ని పాత సామాన్ల వాళ్లు ఎందుకు కొనరో చూడండి. ఘనపు మీటరు థర్మకోల్ బరువు 15 నుంచి 25 కిలోలే. చిన్న ట్రాలీ ఆటోలో 2 ఘనపు మీటర్లు కుక్కినా కాటా మీద 40 కిలోల దగ్గర ఆగుతుంది. డీజిలు ఖర్చు కూడా రాదు. ఒత్తి కుదించే యంత్రం ఉంటే పరిమాణం నలభై, యాభై వంతుల్లో ఒక వంతుకు తగ్గుతుంది. అప్పుడే దానికి కొనుగోలుదారు దొరుకుతాడు. ఈ యంత్రాల్లో వేడి చేసి కరిగించేవీ ఉన్నాయి, చల్లగా ఒత్తేవీ ఉన్నాయి. చేపల షెడ్డులో చల్లగా ఒత్తేదే పెట్టాలి. కరిగించేటప్పుడు స్టైరీన్ పొగ వస్తుంది, చేప నెత్తురు అంటిన పెట్టె మాడి మరీ కంపు కొడుతుంది. ఒత్తే ముందు మంచినీటితో కడగాలి, టేపు పీకేయాలి. యంత్రం చుట్టూ సన్నటి వల కంచె తప్పనిసరి. లేకపోతే పూసలు బయటికి ఎగిరేది ఆ యంత్రం దగ్గరే.

దక్షిణ కొరియా ఈ పాఠాన్ని ఆలస్యంగా నేర్చుకుంది. అక్కడ ఆల్చిప్పల, సముద్రపు నాచు సాగులో థర్మకోల్ బోయాలు (నీటిమీద తేలే ఆధారాలు) దశాబ్దాలపాటు వాడి, తీరాల్లో పూసలు పేరుకున్నాక, 2023 నవంబరు నుంచి సాగు క్షేత్రాల్లో కొత్తగా అలాంటి బోయాలు పెట్టడాన్ని నిషేధించింది. మనం ఆ స్థితి దాకా ఆగనక్కర్లేదు.

రెండోది వల. దీని ముక్కలు కంటికి ఆనవు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. వల బాగుచేసేటప్పుడు కత్తిరించిన దారపు కొసలు రెండు మూడు అంగుళాలే ఉంటాయి. రోజుకు ఎన్నో చొప్పున అక్కడే ఇసుకలో పడతాయి. వాటిలో నైలాన్ నీటికంటే బరువు, అడుక్కు పోతుంది. ఈడ్చి పట్టే ట్రాల్ వలలకు వాడే గట్టి ప్లాస్టిక్ హెచ్‌డీపీఈ, తాళ్లకు వాడే పాలీప్రొపిలీన్ తేలతాయి. అడుగున మేసే రొయ్యకు, పీతకు నైలాన్ పోగు చేరేది ఇలాగే. స్కాట్లండ్‌లోని క్లైడ్ సముద్రంలో పట్టిన లాబ్‌స్టర్లలో 83 శాతం కడుపుల్లో ప్లాస్టిక్ ఉందని 2011లో తేలింది. చాలావాటిలో అది వల దారాల పోగులు ఉండచుట్టుకున్న ముద్ద. ఈ జాతులకు కడుపులో మేతను నూరే పళ్లుంటాయి. పొడవాటి పోగు వాటి మధ్య చిక్కితే కిందికి పోదు. కడుపు నిండినట్టుండి ఆ ప్రాణి మేత తగ్గిస్తుంది.

దీనికి కావాల్సింది పెద్ద టెక్నాలజీ కాదు. వల కుట్టే ప్రతి గుంపు కింద ఒక పరదా పట్టా, పక్కన ఒక గోతాం, వారానికోసారి కాటా. నైలాన్‌నూ హెచ్‌డీపీఈనీ కలిపితే ఎవరూ మంచి ధర ఇవ్వరు. బకెట్ నీళ్లలో కొస వేసి గాలి బుడగలు పోయేలా పిండితే మునిగేది నైలాన్, తేలేది హెచ్‌డీపీఈ. వేరు చేయడం అంత సులువు. పాత వలలకు కిలోకు ఇంత అని ముందే ధర ప్రకటించి, రేవులోనే రొక్కం ఇవ్వాలి. సముద్రంలో పోయిన వల ఎవరిదో తెలిసేలా గుర్తులు వేయాలని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2018లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వల పోయిందని చెప్పినవారికి జరిమానా వేస్తే మాత్రం ఇక ఎవరూ చెప్పరు. చెప్పినవారికి రక్షణ ఉండాలి.

మూడోది ఫైబర్ బోట్ల మరమ్మతు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. మరపడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. గ్రైండర్లు ఆడేదీ, పాత రంగు గీకేదీ ఆ రెండు నెలల్లోనే. ఎగిరే దుమ్ములో గాజునార, పాలిస్టర్ రెసిన్, నాచు పట్టకుండా వేసే రంగులోని రాగి కలిసి ఉంటాయి. అది మొదట చేరేది గీకే మనిషి ఊపిరితిత్తుల్లోకి. ఇంగ్లండ్‌లోని చిచెస్టర్ హార్బర్‌లో ఆల్చిప్పల కండలో గాజునార ముక్కలు దొరికాయని 2024లో వెల్లడైంది. మరమ్మతుకు గట్టి నేల ఉన్న చోటు కేటాయించి, పడవ కింద టార్పాలిన్ పరిచి, తడిపి గీకించాలి. పీల్చే గొట్టం ఉన్న గ్రైండర్లను రేవు కార్యాలయం అద్దెకివ్వాలి. సముద్రపు గాలి లేవకముందే ఊడ్చి మూటకట్టాలి. గొట్టంతో కడిగితే ఆ దుమ్మంతా నేరుగా నీళ్లలోకే పోతుంది. ఇప్పుడు సాధారణంగా జరిగేది అదే.

ఇక రేవు కాలువ. వేలం షెడ్డు కడిగిన నీరు బయటికి పోయే చోట మూడు అంచెల అడ్డు ఉండాలి. ముందు 10 మిల్లీమీటర్ల సందులున్న కడ్డీల జల్లెడ, తర్వాత 5 మిల్లీమీటర్లది, చివర 1 మిల్లీమీటరు కన్నులున్న స్టీలు బుట్ట. ఇలాంటివి పెట్టిన చోట ఎందుకు పనిచేయవో కూడా చెప్పాలి. చేప పొలుసులు, పేగులు సన్న జల్లెడను కొన్ని గంటల్లోనే మూసేస్తాయి. నీరు షెడ్డులోకి తన్నుతుంది. పనివాళ్లు విసిగి బుట్ట తీసి పక్కన పెడతారు. అందుకే కాలువను రెండు పాయలు చేసి, ఒకటి శుభ్రం చేస్తుంటే రెండోది నడిచేలా కట్టాలి. పాత రేవుల్లో ఇది తవ్వకం పని. కొత్త హార్బర్లలో నకాషాలో రెండు గీతలు మార్చితే సరిపోతుంది. కాంక్రీటు పోయకముందే ఆ మార్పు చేయించమని ప్రత్యేకంగా కోరుతున్నాం.

విశాఖలో గెడ్డల (ఊళ్లోంచి సముద్రంలోకి పోయే వాగుల) ద్వారా, మిగతా చోట్ల మురుగు కాలువల ద్వారా వచ్చేది మీ శాఖ పరిధి కాదని మాకు తెలుసు. ఉతికిన బట్టల పోగులు, టైర్ల అరుగుదల అటునుంచే వస్తాయి. వాటిపై పురపాలక శాఖకు వేరుగా రాస్తాం.

వీటివల్ల చేపకు నిజంగా ఎంత హాని? ఇక్కడ ఉన్నదాన్ని పెంచి చెప్పడం మాకిష్టం లేదు. ఫ్రాన్స్‌లో ఆల్చిప్పలను రెండు నెలలపాటు సూక్ష్మ పాలిస్టైరీన్ (థర్మకోల్ తయారయ్యే ప్లాస్టిక్) పూసలున్న నీటిలో పెంచితే అండాల సంఖ్య 38 శాతం, శుక్రకణాల వేగం 23 శాతం తగ్గాయని 2016లో ప్రచురించారు. అయితే ప్రయోగశాలల్లో వాడే మోతాదులు చాలాసార్లు సముద్రంలో కొలిచినవాటికంటే ఎక్కువ. మరోవైపు, పెద్ద చేపను పేగు తీసి వండుతాం. నెత్తళ్లు, రొయ్యపప్పు పేగుతో సహా తింటాం. వాటిని ఎండబెట్టేదీ రేవు పక్క ఇసుకలోనే. ఎండు చేపల మహిళలకు నేలనుంచి ఎత్తుగా అరుగులు, వెదురు తడికెలు ఇస్తే ఇసుకా ప్లాస్టిక్కూ రెండూ తగ్గుతాయి, సరుకుకు ధరా పెరుగుతుంది. తడికెల మీద నైలాన్ వల కాకుండా చూడాలి. ఎండకు అదే పెళుసెక్కి చేపలో రాలుతుంది.

కొలత లేకుండా ఇవన్నీ పనిచేశాయో లేదో తెలియదు. ప్రతి రేవుకు రెండు వైపులా, పోటు గీత మీద 50 సెంటీమీటర్ల చదరపు చట్రం వేసి, పై 5 సెంటీమీటర్ల ఇసుక తీసి, 5, 1 మిల్లీమీటర్ల జల్లెడల్లో పట్టాలి. మధ్యలో మిగిలినదాన్ని లీటరు నీటికి 360 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణంలో తేల్చాలి. నైలాన్ సహా చాలావరకు పైకి వస్తాయి. నీళ్ల సీసా ప్లాస్టిక్, పీవీసీ రావు, వాటికి ఇంకా సాంద్రమైన జింక్ క్లోరైడ్ ద్రావణం కావాలి. పనిచేసేవాళ్లు నూలు బట్టలే వేసుకోవాలి. పక్కన ఖాళీ గిన్నె ఒకటి ఉంచి, గాలిలోంచి అందులో పడ్డ పోగులను లెక్కలోంచి తీసేయాలి. ఏటా వేట నిషేధానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, అవే చోట్ల. ముత్తుకూరు మత్స్య కళాశాల, ఆంధ్ర విశ్వవిద్యాలయం, విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ), కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సీఐఎఫ్‌టీ) కేంద్రాలకు ఇది చేతకాని పని కాదు. అంకెలను పూస, పోగు, పెంకు, పొర, గుళిక అని విడివిడిగా ప్రకటించాలి. మొత్తం ఒకే అంకెగా ఇస్తే ఏ పని ఫలించిందో తేలదు.

గుళికలు అన్నాం కాబట్టి ఒక మాట. ప్లాస్టిక్ వస్తువుల తయారీకి వాడే ముడిసరుకు ఇవి. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ కాలి మునిగినప్పుడు సుమారు 1,680 టన్నుల ప్లాస్టిక్ గుళికలు సముద్రం పాలయ్యాయి. 2025 మే 25న కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగాక అక్కడి ఒడ్డుకూ గుళికలు కొట్టుకొచ్చాయి. విశాఖ, కృష్ణపట్నం రేవులున్న మనకు ఆ రోజు వస్తే జల్లెడలు, బకెట్లు, శిక్షణ పొందిన మనుషులు సిద్ధంగా ఉండాలి. జేసీబీతో గీకితే గుళికలు లోతుకు పూడిపోతాయి. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్ల యంత్రం దించనే కూడదు. ఆ చోట్ల పటం ముందే చేతిలో ఉండాలి.

దీన్ని మత్స్యకారుల తప్పుగా చూపిస్తే పని మొదలుకాకముందే ఆగిపోతుంది. పెట్టె వాళ్లు తయారుచేయలేదు, చెత్త వేయడానికి చోటు వాళ్లకు ఎవరూ చూపలేదు. రేవు కమిటీల్లో పడవల యజమానులనే కాదు, వల కుట్టేవాళ్లనూ ఎండు చేపల మహిళలనూ కూర్చోబెట్టండి. ఒక్క రేవును ఎంచుకుని, వచ్చే ఏప్రిల్ 15లోపు పట్టాలు, గోతాలు, కాటా, ఒత్తే యంత్రం చేర్పించండి. మొదటి నమూనాలు తీయడానికి, యంత్రం నడిపేవారికి నేర్పడానికి మేం జీతం అడగకుండా వస్తాం. ఏ రేవో, ఏ రోజో మీ కార్యాలయం చెప్పాలి.

ఇట్లు,
తీరజలాలు, మత్స్య సాంకేతిక రంగాల్లో పనిచేసే కొందరం