మంత్రి గారూ, మా గ్యాప్‌కు ఇంకా ఎంతమంది కావాలి?

రోడ్డు భద్రత చూసే గౌరవనీయ మంత్రి గారికి,

విశాఖపట్నంలో గాజువాక దాటాక హైవే పక్క కాలనీలో ఉంటున్న ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు నమస్కరించి రాసుకునేది.

మా కాలనీ దగ్గర హైవే డివైడర్ పగిలి ఏర్పడిన గ్యాప్ మూయించమని, స్తంభాలకు దీపాలు వెలిగించమని ఇది ఆరో అర్జీ. మొదటి ఐదింటికీ ఫోనుకు ఒకటే మెసేజీ వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడింది. ఐదోసారి నిజమేనేమోనని ఆశపడి, రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లి చూసొచ్చాను. డివైడర్ మధ్య గ్యాప్ అలాగే ఉంది. దీపం వెలగని స్తంభాలు పదకొండూ అలాగే ఉన్నాయి. పరిష్కారమైంది నా అర్జీ ఒక్కటే.

ఈసారి విమానం గురించి రాస్తున్నాను. నేల మీద సంగతి చెబితే ఎవరికీ వినబడడం లేదు కదా, ఆకాశం నుంచి మొదలుపెడితే ఎవరైనా తల ఎత్తుతారేమోనని.

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. 2025 జూన్ 12న అహ్మదాబాదులో విమానం కూలి, అందులో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికి బయటపడ్డాక మా ఆవిడ టీవీ ముందు నుంచి లేవలేదు. "విమానం గాల్లో ఉంటాది, బస్సు నేల మీద ఉంటాది. బస్సెక్కి రామ్మా" అని కూతురికి ఆజ్ఞ జారీ చేసింది. పిల్ల పాపం రాత్రంతా ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు బస్సులో కూర్చుని వచ్చేది. లెక్కలు చెప్పిన నోరు ఊరుకోదు కదండీ. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికాలో జనం భయపడి విమానాలు మానేసి కార్లెక్కితే, ఆ ఏడాది కాలంలో రోడ్ల మీద అదనంగా 1,500 మంది దాకా పోయారని గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెక్కగట్టారని చెప్పాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వమే అచ్చువేసిన అంకె కూడా చూపించాను. రోజుకు 460 మంది పైనే. ఆ విమానంలో పోయినవాళ్లకు రెట్టింపు, అటూఇటుగా, రోజూ. టీవీలో రాదు కాబట్టి మా ఆవిడ లేచి వంట చేసుకుంటోంది.

ఆవిడ అంతా విని ఒక్క మాట అడిగింది. "అంత భద్రమైతే మరి మీరు స్కూటరేసుకుని ఎయిర్‌పోర్టుకు బయల్దేరిన దగ్గర్నుంచి నేనెందుకు దేవుడి గదిలో కూర్చుంటన్నాను?"

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందేమో చెప్పండి. హైదరాబాదు నుంచి విశాఖ వరకు గంటన్నర లోపు ప్రయాణం గురించి నాకు బెంగ లేదు. ఎయిర్‌పోర్టు గేటు నుంచి షీలానగర్, గాజువాక మీదుగా మా ఇంటిదాకా వచ్చే ఆ కాస్త దూరమే నా బెంగంతా. పక్కన ట్రైలర్లు, వెనక ట్యాంకర్లు, ఎదురుగా రాంగ్ రూట్లో హెడ్‌లైటు లేకుండా వచ్చే ఆటో.

ఆ గ్యాప్ దగ్గరే మా సందు చివర టిఫిన్ బండి ఆయన పోయాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఇడ్లీ పిండి క్యాను సైకిలుకు కట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. ఇరవై ఏళ్లుగా దాటుతున్న రోడ్డే. లారీ కొట్టింది. మేము వెళ్లేసరికి చీకట్లో తెల్లగా కనిపించింది పిండి. పొద్దున్న ఎవరో నీళ్లు కొట్టి కడిగేశారు. కాగితం మీద మాత్రం అతివేగం, అజాగ్రత్త అని రెండు మాటలు రాశారు. దీపం ఎందుకు వెలగలేదని రాయలేదు. డివైడర్ ఎవరు పగలగొట్టారని రాయలేదు. ఆ లారీ నడిపినవాడు ఎన్ని గంటలుగా నిద్రపోలేదో అడగలేదు. మోటారు రవాణా కార్మికులకు రోజుకు ఎనిమిది గంటల పని అని 1961లోనే చట్టం చేశారటండీ, లారీ క్యాబిన్లో ఎక్కడా కనబడలేదు.

అహ్మదాబాదు సంగతి చూడండి. సరిగ్గా నెలకు, జులై 12 నాటికి ప్రాథమిక నివేదిక బయటికొచ్చింది. రెండు ఇంజన్ల ఇంధన స్విచ్‌లూ సెకను తేడాతో ఇంధనం ఆపేసే కటాఫ్‌కు మారాయని అందులో రాశారు. ఎందుకు మారాయన్నది తర్వాతి మాట, ముందు సెకన్లతో సహా చూశారు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఆ దర్యాప్తు ఎవరినో శిక్షించడానికి కాదు, మళ్లీ జరగకుండా చూడడానికి. మా టిఫిన్ బండి ఆయన చావును అలా చదివినవాళ్లు ఒక్కరున్నారా? ఆయన చనిపోయింది గాల్లో కాదు గనక అడుగుతున్నాను.

ఈ గ్యాప్‌ను తరచూ ప్రమాదాలు జరిగే చోటు, అంటే బ్లాక్ స్పాట్‌గా గుర్తించమని ఒక ఆఫీసుకు వెళ్లి అడిగాను. అక్కడ కూర్చున్నాయన మర్యాదస్తుడే, టీ కూడా ఇప్పించాడు. అర కిలోమీటరు పరిధిలో మూడేళ్లలో ప్రాణం పోయినవో, తీవ్ర గాయాలైనవో ఐదు ప్రమాదాలు జరగాలి, లేదా పదిమంది చనిపోవాలి, అదీ రూలు అన్నాడు. మీది ఇంకా నాలుగు దగ్గరే ఉంది మాస్టారూ అన్నాడు. పాస్ మార్కులకు ఒక్క మార్కు తగ్గిన పిల్లాడితో నేను కూడా ఇలాగే మాట్లాడి ఉంటానేమో ఒకప్పుడు. ఆ ఒక్క మార్కు ఎవరు తేవాలండీ? నేనా, మా అమ్మాయా?

స్తంభాలు మావి కావని ఒక ఆఫీసు, డివైడర్ మాది కాదని ఇంకో ఆఫీసు. చచ్చిపోయినవాడు మాత్రం మావాడే, అందులో వివాదం లేదు.

2015లో బ్రెజిల్ రాజధాని బ్రెజీలియాలో మన దేశంతో సహా ప్రపంచ దేశాలవాళ్లు సంతకం పెట్టారు, 2020కల్లా రోడ్డు చావులు సగం చేస్తామని. సంతకం పెట్టిన 2015లో మన లెక్క 1,46,133. తర్వాత 2020లో స్టాక్‌హోమ్‌లో మళ్లీ మాటిచ్చారు, ఈసారి 2030కల్లా సగం. 2022 అంకె పైన రాశాను. సగం చేయడమంటే ఏమిటో మా ఎనిమిదో తరగతి పిల్లలకు తెలుసు, కావాలంటే పంపిస్తాను.

విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకు వెళ్తే ఇంకా నయమట. మాకైతే ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం, తగరపువలస, అన్నీ దాటి ఇదే హైవే మీద అరవై కిలోమీటర్ల దాకా ప్రయాణం. మా ఆవిడ దేవుడి గదిలోనే మంచం వేయించుకోవాలి.

అయ్యా, అడిగేది పెద్దదేం కాదు. గ్యాప్ మూయించండి. మూయలేకపోతే కనీసం బారికేడ్లు పెట్టించండి. దీపాలు వెలిగించండి. ప్రాణం పోయిన ప్రతి చోటికీ ఒక ఇంజనీరును పంపి, ఎందుకు పోయిందో రాయించండి. గ్యాప్ మూయించండి, మళ్లీ రాస్తున్నాను, ఐదు అర్జీల్లోనూ రాసిన మాటే.

ఈ శుక్రవారం అమ్మాయి వస్తోంది. రాత్రి పదింటి విమానం, మా ఆవిడ ఒప్పుకుంది. నేను స్కూటరు మీద బయల్దేరతాను. పదకొండు స్తంభాల్లో గ్యాప్ దగ్గరున్నది నాలుగోది. మిగతావి తర్వాత చూడొచ్చు, శుక్రవారంలోగా ఆ ఒక్కటి.

ఇట్లు,
మీ పరిష్కరించబడిన అర్జీదారుడు,
విశాఖపట్నం